అసంకల్పిత ప్రతీకారము

"కాలిన గిన్నె ముట్టిన చేయి వెనుకకు వచ్చును గదా మాస్టారూ, అది యెవరిమీద పగ తీర్చుకొన్నట్లు?" అని విజయనగర ప్రాంతపు మా పాఠశాలలో పదవ తరగతి బాలుడొకడు మమ్మడిగెను. రిఫ్లెక్స్ అను ఆంగ్లపదమునకు వాని జీవశాస్త్ర పుస్తకమున 'అసంకల్పిత ప్రతీకార చర్య' యని యున్నది. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి.

కాని ప్రశ్న నవ్వదగినది కాదు. సంస్కృతమున ప్రతీకారమనగా ఎదురుగా చేయునది. రోగమునకు చేయు చికిత్సయు ప్రతీకారమే. తెలుగువాడుకలో ఆ యర్థము మరుగుపడి పగ యొక్కటే మిగిలినది. పదము కూర్చినవారు సంస్కృత మెరిగి కూర్చిరి. పిల్లవాడు తెలుగెరిగి చదివెను. శ్రీకాకుళపు గిడుగు రామమూర్తి పంతులుగారు బ్రతుకంతయు పోరాడినది ఇట్టి యెడమును గూర్చియే. ఆ మాట గ్రాంథికమున వ్రాయుటకు మాకు కొంచెము సిగ్గుగానే యున్నది.

ఆంగ్లపదమునకు మూలము లాటిను. వెనుకకు వంగుట, మరలుట యని యర్థము. అద్దమునుండి వెలుగు మరలుటకు వాడు ఆంగ్లపదమును ఆ ధాతువునుండి వచ్చినదే. నిప్పు సోకిన పాదము తొలగుటను 17వ శతాబ్దిలో డేకార్తు యంత్రపు పనివలె వర్ణించెను. ఇట్టి చేష్టలు మనస్సు యొక్క యాజ్ఞకై వేచియుండక వెన్నుపామునుండియే మరలివచ్చునని ఆంగ్లవైద్యుడు మార్షల్ హాల్ 1833లో వివరించెను. హిందీవారి 'ప్రతివర్తీ క్రియ'లో ఈ మరలుట యున్నది. మన మాటలో లేదు. అయినను 'అసంకల్పితము' మాకు నచ్చినది. ఏ పూజకైనను ముందు సంకల్పము చెప్పుకొను మనకు దానిని విప్పి చెప్ప బనిలేదు.

ఆ మాటయే మమ్ము పట్టుకొన్నది. ఉద్యోగమున చేరిన తొలియేట, శబ్దములు అప్పజెప్పుచు తడబడిన యొక బాలుని చెంపపై కొట్టితిమి. మరునాడు వాని తల్లి రాగా, "తలచి కొట్టలేదమ్మా, చేయి దానంతటదే లేచినది" అంటిమి. ఆమె మా ముఖము చూచి, "మావోడి సెయ్యి నెగనేదు గదా, బాబూ" అని వెడలిపోయెను.

గిన్నెనుండి తొలగిన చేతికి సంకల్పము లేదు, నిజమే. చెంపను వెదకికొని పోయిన చేతికో? మాకంటె బలవంతుని యెదుట అది యెన్నడును దానంతటది లేవలేదు. మమ్ము కొట్టిన గురువులయొద్ద అది నేర్చుకొన్న విద్య. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుట నిషేధింపగనే మా చేయి చక్కగా అదుపులోనికి వచ్చెను. వెన్నుపాము చట్టములు చదువునా?

బాలునికి ఆనాడు పదవ్యుత్పత్తి మాత్రమే చెప్పితిమి.