మూడవ భాగము కోసం మూర్ మార్కెట్టుకు

పాటలంటే చెవి కోసుకునే వారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. పాటను చేత పట్టుకొని, తుడిచి, బీరువాలో వరుసగా పేర్చుకునే పిచ్చి మాత్రం కొందరికే ఉంటుంది. ఆ కొందరిలో మేమొకరము. ఆఫీసులో ఫైళ్ళు పేర్చినట్లే ఇంట్లో సీడీలు పేర్చుతామని మా ఇంటావిడ ఎగతాళి చేస్తుంది. మాట నిజమే గనుక కోపం తెచ్చుకోము.

ఈ జబ్బు మాకు నాయన నుంచి వచ్చినది. తాతగారి కాలంలో నెల్లూరు సీమ విడిచి మదరాసు చేరిన కుటుంబము మాది. నాయన మూర్ మార్కెట్టులో పాత రికార్డులు బేరమాడి కొనేవారు. 1900లో తెరచిన ఆ ఎర్రని బజారు 1985 మే 30న కాలిపోయినది. అప్పటికి మేము చేయి పట్టుకొని నడిచే పసివాళ్ళము. ఆ తావున లోకల్ రైళ్ళ స్టేషను లేచినది. బజారు పోయినా పేరు పోలేదు. ఆ స్టేషనుకు మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పేరు నిలిచినది. అంగళ్ళు పోగొట్టుకున్న వర్తకులకు దగ్గరలోనే అల్లికుళంలో చోటిచ్చినారు.

నాయన కాలపు పెద్ద రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది; ఒక్కొక్క పక్క మూడు, మూడున్నర నిమిషాలు పాడేది. ఎంత గొప్ప విద్వాంసుడైనా రాగాన్ని ఆ మూడు నిమిషాలలో ఇరికించవలసినదే. తరువాత వచ్చిన లాంగ్ ప్లే రికార్డు పక్కకు ఇరవై నిమిషాలకు పైగా పాడినది. 1982లో సీడీ అంగళ్ళకు వచ్చినది. పన్నెండు సెంటీమీటర్ల బిళ్ళలో 74 నిమిషాల సంగీతము! మధ్యలో లేచి తిప్పే పని లేదు. గుమాస్తా ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం వచ్చిన నాడల్లా ఒక సీడీ కొనడం మాకు నియమమైనది.

కొనడంలో ఉన్న సుఖము వినడంలో సగమైనా ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా తెరువగానే వచ్చే కొత్త వాసన, లోపలి చిన్న పుస్తకము, పక్కవాద్యాలు ఎవరో చదువుకోవడము, వీటి రుచి తెలిసినవారికే తెలుసును. వెనుక అట్ట మీద కొన్నిటికి 'ఏ.ఏ.డి.' అనో 'డి.డి.డి.' అనో మూడు అక్షరాలు ఉంటవి. మొదటి అక్షరము పాటను పట్టిన పద్ధతిని, రెండవది కలిపి కూర్చిన పద్ధతిని, మూడవది సీడీకి సిద్ధం చేసిన పద్ధతిని తెలుపుతుంది. మొదటిది 'ఏ' అయితే ఆ పాట పాత టేపు మీద పట్టినదని అర్థము. అలాంటిది కనబడితే మేము పాత చుట్టము కనబడినంత సంతోషిస్తాము.

మన పట్నంలో ఉండి పాటలు పోగు చేయడంలో ఇంకొక తృప్తి ఉన్నది. ఆంధ్రదేశంలోని చుట్టాలు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మమ్మల్ని 'అరవవాళ్ళు వచ్చినారు' అంటారు. వాళ్ళు నోరారా పాడుకునే 'మాయాబజార్' 1957లో మన వడపళని వాహినీ స్టూడియోలో తయారైనది. 'లవకుశ' 1963లో వచ్చినది. ఆ రెండింటా వినిపించే ఘంటసాలవారు మన త్యాగరాయనగరంలో కాపురమున్నవారే. ఆయన భగవద్గీత రికార్డు 1974లో, ఆయన పోయిన తరువాత, ఇంటింటికి చేరినది. ఆ పాటలు మన వీధులలో పుట్టి అక్కడికి పోయినవని చుట్టాలకు జ్ఞాపకము చేయడం మాకు సరదా.

దీనికి ఎదురు ఉదాహరణ ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గారు. 1916లో మధురలో పుట్టిన తమిళ ఇల్లాలు అన్నమాచార్యుల తెలుగును మాట మాట తెలుసుకొని పాడినారు. ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు భాగాలు మా అమ్మకు ప్రాణము. ఉదయం వంటింట్లో ఉండి వినేది. ఒక కీర్తన అయిపోయి రెండవది మొదలయ్యే ముందు కొంచెం నిశ్శబ్దము ఉంటుంది గదా! ఆ నిశ్శబ్దంలో అమ్మ రాబోయే కీర్తన ఎత్తుకొనేది. సుబ్బులక్ష్మి గారు వెనుక వచ్చి కలిసేవారు.

2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేటలో మేముండే కింది వాటాలోకి వచ్చినది. నీళ్ళు తీసిన తరువాత చూస్తే చిన్న పుస్తకాలన్నీ ముద్దయినవి. సీడీలను మంచినీళ్ళలో కడిగి, మెత్తని గుడ్డతో నడుమ నుంచి అంచుకు సూటిగా తుడిచినాము. గుండ్రంగా తుడవరాదు. పాట దారి చుట్లు చుట్లుగా ఉంటుంది. ఆ దారి వెంట గీత పడితే యంత్రము తడబడుతుంది, అడ్డంగా పడిన సన్నని గీతనైతే సర్దుకొని పోతుంది. పేరు అచ్చువేసిన పక్కను మరీ భద్రంగా చూడాలి, వెండిలా మెరిసే పూత దాని కిందనే ఉంటుంది. ఈ విధంగా చాలావరకు బతికించుకున్నాము. బురద నిండిన పాట యంత్రాన్ని మాత్రం తొందరలో చెత్తకుప్ప మీద పెట్టినాము. అందులో మూడవ భాగము ఉన్నదని రాత్రికి గాని గుర్తు రాలేదు. పరుగెత్తి వెళితే కుప్ప లేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కొత్త యంత్రము కొన్నాము. అమ్మ రెండవ భాగము తరువాత నాలుగవది వినేది. సెల్‌ఫోనులో అన్నీ దొరుకుతవని మా అమ్మాయి పెట్టి వినిపించినది. కీర్తనకు కీర్తనకు నడుమ సబ్బుల ప్రకటన వచ్చినది. ఎత్తుకొనబోయిన అమ్మ నోరు మూసుకొని వంటింట్లోకి పోయినది.

2018లో ఒక సెలవు దినాన సైదాపేటలో రైలెక్కి పార్కు స్టేషనులో దిగి, అల్లికుళము పోయినాము. పాత పుస్తకాల అంగళ్ళ నడుమ ఒక ముసలాయన రికార్డులు పరచుకొని ఉన్నాడు. తమిళంలో అడిగినాము. పెట్టెలు తిరగవేస్తూ తనలో తాను తెలుగున లెక్క పెట్టుకోవడం విని, "పెద్దాయనా, మనవాళ్ళేనా?" అన్నాము. "మూడు తరాలుగా ఇక్కడే సామీ, లెక్క మాత్రం తెలుగులోనే వస్తుంది" అని నవ్వినాడు.

ఆఖరి పెట్టెలో మూడవ భాగము దొరికినది! వణికే చేతులతో డబ్బా తెరిచినాము. లోపల ఏదో తమిళ సినిమా పాటల సీడీ. ముసలాయన ముఖము చిన్నబోయినది. "అట్ట ఊరికే తీసుకొని పోండి సామీ" అన్నాడు. వద్దనలేక తెచ్చినాము.

ఇంటికి వచ్చి అమ్మ చేతికిచ్చి జరిగినది చెప్పినాము. అమ్మకు ఇంగ్లీషు రాదు. మనుమరాలికి తెలుగు అక్షరాలు రావు. అమ్మాయి వెనుక అట్ట మీది కీర్తన పేరు ఇంగ్లీషు అక్షరాలలో కూడబలుక్కొని తప్పుగా చదివినది. "అట్లా కాదే, ఇట్లా" అని అమ్మ దిద్ది, ఆ కీర్తన అందుకొన్నది. అది ముగిసినాక అమ్మాయి రెండవ పేరు చదివినది. ఆ సాయంత్రము మూడవ భాగమంతా ఆ ప్రకారంగానే మా ఇంట మోగినది. మరునాడు అమ్మాయి తానే వచ్చి, "అవ్వా, అ ఆ లు నేర్పించు" అన్నది.

అసలు సీడీ నేటికీ దొరకలేదు. మన సభ్యుల ఇళ్ళలో బీరువాల అడుగున ఇటువంటివి ఎన్నో పడి ఉంటవి. వినే యంత్రము లేదని చెత్తలో వేయవద్దని మా మనవి. ఒకసారి దుమ్ము తుడిచి, ఇంట్లో పెద్దలుంటే వారి చేతికివ్వండి. మా వద్ద రెండేసి ఉన్నవి కొన్ని ఉన్నవి. కావలసినవారు వచ్చి తీసుకొని పోవచ్చును. మూడవ భాగము ఎవరింటనైనా రెండున్నట్లయితే, మమ్మల్ని మరవకండి.