పురానాపూల్ నుంచి మూసారాంబాగ్ దాకా

వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ, పాతబస్తీలో అడుగుపెట్టేసరికి నదిలా కనిపించదు. గండిపేట చెరువు దాని నీళ్లను ఆపేస్తుంది, హిమాయత్‌సాగర్ దాని ఉపనది ఈసీ నీళ్లను ఆపేస్తుంది. రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర, గాంధీ అస్థికలు కలిపిన బాపూఘాట్‌లో కలుస్తాయి. మామూలు రోజుల్లో అక్కడి నుంచి కిందికి పారేది చాలావరకు ఊరి మురుగే. అయినా పాతబస్తీని చూడాలంటే చార్మినార్ దగ్గర మొదలుపెట్టకూడదని, ఈ నది వెంబడే నడవాలని నా నమ్మకం. ఈ ఊరి సొగసుకీ, దాని గోసకీ మూలం ఇక్కడే ఉంది.

పురానాపూల్ వయసులో హైదరాబాద్ కంటే పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా దీన్ని 1578లో కట్టించాడు. నగరానికి పునాది పడింది 1591లో. ప్రియురాలు భాగమతి కోసం వరదలో గుర్రం దూకించిన యువరాజు కోసమే ఈ వంతెన కట్టారన్న కథ అందరికీ ఇష్టమే కానీ, చాలామంది చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయి ఊరు ఏరు దాటిందన్నదే నిలిచే మాట. పక్కన కొత్త వంతెన వచ్చాక ఈ పాత వంతెన కూరగాయల బజారైంది. రెండువైపులా పిట్టగోడలకు ఆనుకుని గోనెపట్టాల మీద పుంటికూర, చుక్కకూర, కొత్తిమీర కట్టలు. పొద్దున్నే నీళ్లు చల్లిన ఆకుల వాసన పైనుంచి, మురుగు వాసన కిందినుంచి. ఆకుకూరలమ్మే అమ్మ కట్టను రెండుసార్లు దులిపి, మట్టి రాలిందాకా చూసి, "తీస్కో బిడ్డా, పొద్దుగాలనే కోసింది" అని సంచిలో వేస్తుంది. నాలుగున్నర శతాబ్దాల రాతి కమాను మీద ఈ బేరం రోజూ సాగుతుంది. కట్టడాన్ని కాపాడటం అంటే చుట్టూ కంచె వేయడమనుకునేవాళ్లు ఒక్క ఉదయం ఇక్కడికి రావాలి.

వంతెన దిగితే జుమేరాత్ బజార్. గురువారం వస్తే పాత చెప్పులు, పాత ఫ్యాన్లు, రిపేరు చేసిన మిక్సీలు, తాళంచెవి లేని తాళాలు నేలమీద పరిచి ఉంటాయి. కొత్త నగరం పారేసిన ప్రతిదానికీ ఇక్కడ రెండో బతుకు దొరుకుతుంది. కొత్తది కొనలేని సంసారానికి ఈ సంత ఎంత ఆసరానో మాల్స్ కట్టేవాళ్లు లెక్కలో వేసుకోరు.

ముస్లింజంగ్ వంతెన దగ్గరికి రాగానే నది ఒక్కసారిగా రాజసంగా కనిపిస్తుంది. దక్షిణపు ఒడ్డున సిటీ కాలేజీ, హైకోర్టు. ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం. ఈ గుమ్మటాల్లో చాలావాటి వెనక ఒక చావు రాత్రి ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది పోయారని అంచనా. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ ఒక్కటే నిలబడింది. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, బిడ్డనూ ఆ నీళ్లలో పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఉస్మానియా ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి 150 మంది బతికారని చెబుతారు. దాని మొదలు దగ్గర రోగుల బంధువులు అన్నం గిన్నెలు పెట్టుకుని కూర్చుంటారు. ఆ చెట్టు సంగతి తెలిసినవాళ్లు అందులో ఎందరుంటారో!

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువన నీళ్లు ఆపాలని ఆయన చెప్పాడు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఊరికి వరద భయం తగ్గింది, తాగునీళ్లు వచ్చాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఒడ్డున రాతి గోడలు కట్టి, తోటలు వేసి, ఇరుకు బస్తీలను విడదీసింది. అది గొప్ప పనే. కానీ వరద ఆగిన చోటే ప్రవాహమూ ఆగింది. పారే నీళ్లు లేని ఏటిలోకి ఊరు తన నాలాలన్నీ తిప్పింది. తరాలు గడిచేకొద్దీ అది నది అన్న సంగతే జనం మరిచిపోయారు. ఎండిన ఏటి గర్భంలో ఇళ్లు లేచాయి. ఊరిని కాపాడిన పనే నది ఊపిరి తీసింది. ఇవాళ మూసీ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పాలి.

నయాపూల్ మీద నిలబడితే కాళ్లు వాటంతటవే మదీనా చౌరస్తా వైపు లాగుతాయి. నదిని కాసేపు వదిలి పత్థర్‌గట్టి కమాన్ల కింద నడిస్తే అత్తరు సీసాలు, పెళ్లి షేర్వానీలు, ముత్యాల దండలు. లాడ్‌బజార్‌లో లక్క గాజు తయారవడం చూడండి. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్ద మెత్తబడుతుంది. చెక్కతో దాన్ని సాగదీసి, రంగు లక్క పూసి, ముక్క కోసి గుండ్రంగా వంచుతారు. కర్ర అచ్చు మీద చేతి కొలతకు సరిచేసి, వేడి ఆరకముందే అద్దం రాళ్లను ఒక్కొక్కటే గుచ్చుతారు. రాయి వేడి లక్కలో దిగే ఆ క్షణంలో వేలికీ నిప్పుకీ మధ్య దూరం దాదాపు ఉండదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేళ్ల కూలి మాత్రం ఆ గుర్తింపుతో పెరిగిపోదు.

ఇక్కడి రద్దీని నేను మనసారా ఇష్టపడతాను. మగ్గం పనివాడు, జరీ అమ్మేవాడు, దర్జీ, పెళ్లికూతురి తల్లి ఒకే సందులో ఉండటం వల్లే ఒక పెళ్లి బట్టలు ఒక్క పూటలో తేలిపోతాయి. కానీ ఇరుకును అందమని పొగిడేవాళ్లు గుల్జార్‌హౌజ్ దాకా కూడా వెళ్లాలి. 2025 మే 18న అక్కడ కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఒక ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. లోపలికీ బయటికీ ఇరుకు దారి ఒక్కటే. పాత ఇళ్ల గోడలు తీయకుండానే వైర్లు మార్చవచ్చు, రెండో మెట్లదారి పెట్టవచ్చు. దీనికి కోట్ల పథకం అక్కర్లేదు, ఇంటింటికీ తిరిగే ఓపిక కావాలి.

మళ్లీ ఏటిలోకి వద్దాం. సాలార్‌జంగ్ మ్యూజియం దాటాక మహాత్మాగాంధీ బస్ స్టేషన్, ఆ తర్వాత చాదర్‌ఘాట్. ఇక్కడ ఒడ్డు అన్నది లేదు. మూసానగర్, కమల్‌నగర్, శంకర్‌నగర్ ఇళ్ల వెనక గోడే నది అంచు. బస్తీని నడిపించే చేతులు ఎక్కువగా ఇక్కడే పడుకుంటాయి: బండి లాగేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు. "గేట్లు ఎత్తిన్రంటే మేం మంచాలు ఎత్తుడే" అంటుందొక ముసలమ్మ. గండిపేట గేట్ల మాటే అది. 2020 అక్టోబర్‌లో ఈ ఇళ్లు మునిగాయి. 2025 సెప్టెంబర్ చివర్లో నీళ్లు బస్ స్టేషన్‌లోకే వచ్చి ప్రయాణికులు రాత్రి చిక్కుకుపోయారు. మధ్యలో 2024లో మూసీ ప్రక్షాళన పేరిట అధికారులు ఇక్కడి గోడల మీద తొలగించాల్సిన ఇళ్లకు గుర్తుగా ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చారు, కొన్ని ఇళ్లు కూల్చారు. ఏటి గర్భంలో మనుషులు ఉండకూడదన్నది నిజమే. వాళ్లను పంపేచోటు పనికి ఎంత దూరమో, పిల్లల బడి ఎక్కడో ముందు చూడకపోతే, నదికి చేసిన న్యాయం బీదవాళ్ల మీద పడ్డ మరో వరదే అవుతుంది. నది పక్కన నడక దారుల కంటే ముందు నాలాల సంగతి తేలాలి. శుద్ధి కాని మురుగు ఏటిలో పడుతున్నంతకాలం ఎన్ని దీపాలు పెట్టినా ముక్కు మూసుకునే నడవాలి.

మూసారాంబాగ్ వంతెన దాటితే పాతబస్తీ అయిపోతుంది, దాని మురుగు మాత్రం నదితోనే పోతుంది. పీర్జాదిగూడ వైపు ఆ నీళ్లతో పశువుల గడ్డి పచ్చగా పెరుగుతుంది. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు నగరానికే వస్తాయి. ఇంకా కిందికి వలిగొండ, ఆ తర్వాత 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణ. దారి పొడవునా నల్లగొండ, సూర్యాపేట రైతులు ఈ నీళ్లతోనే వరి పండిస్తారు. నురగ తేలే కాలువలో మోకాలి లోతున దిగి నాట్లేసే ఆడవాళ్ల కాళ్లు దద్దుర్లెక్కుతాయి. మూసీ మీద హైదరాబాద్‌లో జరిగే ప్రతి సమావేశంలో ఆ ఆడవాళ్లకూ, మూసానగర్ ముసలమ్మకూ కుర్చీ వేయాలి.