అనుమతి చీటీ

కౌలాలంపూరులోని ఒక తెలుగువారి ఇంట్లో గోడమీద రెండు పటాలు ఉన్నాయి. ఒకటి తాతగారి ఫొటో. ఆయన పెద్దలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, పెరాక్ రాష్ట్రంలోని బాగన్ డాతు కొబ్బరితోటల్లో పనికి వచ్చినవారు. రెండోది సముద్రపటం. అందులో బోర్నియో ద్వీపానికి తూర్పున, సెలెబెస్ సముద్రంలో, ఒక చిన్న చుక్క చుట్టూ ఎర్రసిరాతో గీసిన సున్నా ఉంది. ఆ చుక్క పేరు సిపదాన్.

తండ్రి ఆ సున్నా గీసి పన్నెండేళ్లయింది. అప్పుడు కూతురికి ఎనిమిదేళ్లు. "ఎప్పుడు వెళ్దాం నాన్నా?" అని ఆ పిల్ల అడిగితే, "నువ్వు నీళ్లలో నాతో సమానంగా దిగగలిగినప్పుడు" అన్నాడాయన. కూతురు ఆ మాట మరచిపోలేదు. ఈత నేర్చింది. గాలి సిలిండర్ వీపున కట్టుకుని సముద్రంలో మునగడం నేర్చింది. ఆ విద్యలో రెండో మెట్టు పరీక్ష కూడా నెగ్గి, ధ్రువపత్రం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఇక ప్రయాణానికి అడ్డేమిటని ఇద్దరూ అనుకున్నారు.

సిపదాన్ చాలా చిన్న దీవి. నడుస్తూ చుట్టి రావడానికి అరగంట చాలు. కాని అది నీటిపైన కనిపించే కొనమాత్రమే. చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం తలమీద వేల సంవత్సరాలుగా పగడపు జీవులు కట్టుకుంటూ వచ్చిన కోట అది. ఒడ్డు నుంచి కొద్ది అడుగులు వేస్తే చాలు, నేల హఠాత్తుగా తెగిపోయి, నిలువుగోడలా దాదాపు 600 మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఆ గోడ పొడవునా పచ్చ తాబేళ్లు ఈదుతుంటాయి. బారకూడా చేపలు వందలకొద్దీ చేరి సుడిగాలిలా తిరుగుతుంటాయి. ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో ఈ చోటిని చిత్రీకరించాక, 1989 నుంచి దీని పేరు ప్రపంచమంతా పాకింది.

ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. కౌలాలంపూరు నుంచి తవావుకు విమానం. అక్కడి నుంచి సెంపోర్నా పట్టణానికి రోడ్డు దారి. సెంపోర్నా నుంచి మాబుల్ దీవికి పడవ. బస మాబుల్‌లోనే, ఎందుకంటే సిపదాన్‌లో యాత్రికులు రాత్రి ఉండడానికి వీలులేదు. పగలు దిగడానికైనా అనుమతి చీటీ ఉండాలి. ఆ చీటీలు రోజుకు ఇన్ని అని లెక్క ఉంది. మొదట ఆ లెక్క 120. తరువాత అది కొంత మారినా కట్టడి మాత్రం పోలేదు. బస ఇచ్చేవారే అతిథుల పేర్లు పంపి చీటీలు తెప్పిస్తారు. ఏ రోజు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో, ముందుగా చెప్పలేరు.

నెలలు గడిచినా జవాబు రాలేదు. కూతురికి విసుగు పుట్టింది.

"సముద్రానికి కూడా చీటీ ఏమిటి నాన్నా? ఎంత నీరుంది! ఇంకో పదిమంది దిగితే తరిగిపోతుందా?"

తండ్రి నవ్వాడు. "మీ తాతగారి ఊళ్లో పెళ్లిభోజనాలు నీకు తెలియవు. పందిట్లో ఎన్ని విస్తళ్లు పడతాయో అంతమందే కూర్చుంటారు. ఆ బంతి లేచి, ఆకులు తీసి, నేల తుడిచాక రెండో బంతి. ఆకలిగా ఉందని అందరూ ఒక్కసారే పందిట్లోకి తోసుకుంటే ఏమవుతుంది? ఎవరికీ అన్నం దక్కదు."

తరువాత ఆయన ఆ దీవి కథ చెప్పాడు. ఒకప్పుడు సిపదాన్ మీదనే విడిది ఇళ్లు ఉండేవి. మనుషులు పెరిగారు. వారితోపాటు మురుగు, చెత్త, రాత్రిపూట దీపాలు పెరిగాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే తాబేలుకు చీకటీ నిశ్శబ్దమూ కావాలి. ఆ దీవి ఎవరిదన్న తగవు మలేషియా, ఇండోనేషియాల మధ్య చాలాకాలం సాగింది. 2002 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం అది మలేషియాదేనని తీర్పు చెప్పింది. 2004 చివరికల్లా ప్రభుత్వం విడిదులన్నిటినీ అక్కడినుంచి లేపించింది. అంతటితో ఆపదలు తీరలేదు. 2006 మే నెలలో నిర్మాణ సామగ్రి మోస్తున్న ఒక బల్లకట్టు ఓడ ఒడ్డుకెక్కి పగడపు దిబ్బను నలిపేసింది. బండలా పెరిగే పగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. ఒక్క పూటలో విరిగినది తిరిగి పెరగడానికి ఒక మనిషి జీవితకాలం పట్టవచ్చు. తెలియక తగిలిన ఒక కాలైనా చాలు, దాన్ని విరవడానికి.

కూతురు మరి మాట్లాడలేదు.

చివరకు జవాబు వచ్చింది. ఇద్దరికీ చీటీలు దొరికాయి. అయితే అవి బసలో ఆఖరి రోజుకు. ఉదయం ఒక మునక, మధ్యాహ్నం ఒక మునక. రెండోది ముగిసేసరికి పగలు రెండు గంటలవుతుంది. మర్నాడు ఉదయం ఏడు గంటలకే తవావులో విమానం. ఆ రోజు తరువాతి విమానాల్లో చోటు లేదు. ఆ మర్నాటి నుంచి కూతురికి పరీక్షలు.

ఇద్దరూ వేళ్లమీద లెక్కపెట్టారు. మధ్య ఉన్నవి 17 గంటలు. కావలసినవి 18.

ఈ లెక్క ఒంటికి సంబంధించినది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి, పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోను, కండరాల్లోను కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితో నెమ్మదిగా బయటికి పోతుంది. తొందరపడితే, మూత తీసిన సోడాసీసాలో మాదిరి ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా రావచ్చు. విమానం ఎగిరినప్పుడు లోపలి గాలి పీడనం నేలమీదకన్న తగ్గుతుంది. అందుకే వరుసగా రోజులు మునిగినవారు, ఆఖరి మునక తరువాత కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కాలని నిపుణులు చెబుతారు.

తండ్రి చాలాసేపు పటంవైపు చూస్తూ ఉండిపోయాడు. పన్నెండేళ్ల కోరిక. దొరికింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో సగం!

"గంటే కదమ్మా తక్కువ," అన్నాడు చివరకు, తనకు తాను చెప్పుకుంటున్నట్లు.

"ఇంకో పదిమందే కదా అని ఆవేళ నేనూ అన్నాను నాన్నా," అంది కూతురు మెల్లగా.

తండ్రి తలెత్తి చూశాడు. ఎనిమిదేళ్ల పిల్ల కాదు ఎదురుగా ఉన్నది. నీళ్లలో తనతో సమానంగా దిగగలిగిన మనిషి. ఆయన కాగితం ముందుకు లాక్కుని, బస ఇచ్చేవారికి జవాబు రాశాడు. ఉదయం మునక మాత్రం చాలు, మధ్యాహ్నం మునక తమకు వద్దు.

"మధ్యాహ్నం అంతా ఏం చేద్దాం?" అని అడిగాడు కాగితం మడుస్తూ.

"పడవలో కూర్చుందాం. ఊపిరి పీల్చుకోవడానికి తాబేళ్లు పైకి వస్తాయి కదా. అవి రావడం చూద్దాం," అంది కూతురు.