ఉండవలసిన ఆట

కారు కొన్నవాడు మొదట దాని వేగం చెబుతాడు. అది ఎంత దూరంలో ఆగుతుందో చెప్పిన యజమాని నాకు ఇంతవరకు తారసపడలేదు. పాత కార్ల ప్రేమికులలో ఈ పక్షపాతం మరీ ఎక్కువ. రంగుకూ, సీట్లకూ దక్కే ఆరాధనలో పదోవంతైనా చక్రం వెనుక దాగిన బ్రేకుకు దక్కదు.

సిద్ధగోరాలో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న మా బావగారు ఇందుకు మినహాయింపు. ఆయనకు 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నది. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి అది. ఇంగ్లండులో 1962లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సు కారును హెరాల్డ్ చట్రాన్ని కుదించియే నిర్మించారు. ముందు చక్రాల అమరికలో ఆ రెండూ దగ్గరి చుట్టాలు. కనుక స్పిట్‌ఫైర్ డిస్కు బ్రేకులను, హబ్బులను హెరాల్డుకు అమర్చవచ్చును. బావగారు వాటిని ఇంగ్లండు నుంచి తెప్పించారు.

కారణం విలాసం కాదు. మా మేనకోడలు రాంచీలో చదువుతున్నది. రాంచీ మా జంషెడ్‌పూర్ కంటే దాదాపు 500 మీటర్లు ఎత్తు. ఆమెను చూచి తిరిగి వచ్చేటప్పుడు తైమారా ఘాటీ దిగాలి. దిగినంతసేపు మా అక్కయ్య పాదం, అక్కడ పెడలు లేకపోయినా, కారు నేలను తొక్కుతూనే ఉండేది.

ఆమె భయం అకారణమైనది కాదు. 800 కిలోల బండి 500 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 12 లీటర్ల చన్నీళ్లను మరిగించగలదు. గాలి, ఇంజను కొంత హరించగా మిగిలినదంతా బ్రేకులే వేడి రూపంలో భరించాలి. డ్రమ్ము మూతపెట్టిన కుండ వంటిది. లోపలి వేడి త్వరగా బయటపడదు. వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు సడలుతుంది. డిస్కు గాలికి తెరచి ఉన్న పళ్లెం, త్వరగా చల్లబడుతుంది. 1953లో లీమాన్స్ పందెంలో డిస్కు బ్రేకులతో జాగ్వార్ సాధించిన విజయం ఈ సత్యాన్ని లోకానికి చాటింది.

అయితే డిస్కు తగిలించినంత మాత్రాన పని ముగియదు. డ్రమ్ములోని ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు తానే బిగుసుకొని పాదానికి సాయపడుతుంది. డిస్కుకు ఆ గుణం లేదు. పాదం మరింత బలంగా నొక్కాలి. మాస్టర్ సిలిండరు కొలత దానికి తగినదై ఉండాలి. ముందు వెనుకల బలం సరితూగాలి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి గిరగిర తిరుగుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక దానిని కొత్తగా నింపాలి. ఒక్క పదం మార్చితే వాక్యమంతా సవరించవలసి రావడం అనువాదకులకు కొత్త కాదు.

నా పాత్ర అక్కడే మొదలైనది. మేస్త్రీగారు తెలుగు, హిందీ చదవగలరు. ఇంగ్లీషు పుస్తకం నేను తెనిగించాలి. హబ్బు లోపల రెండు టేపర్ రోలర్ బేరింగులుంటాయి. 1898లో అమెరికాలో బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్కెన్ పేటెంటు పొందిన రకమది. ఆయన పేరిట వెలసిన సంస్థ కర్మాగారం నేడు మా ఊళ్లోనే ఉన్నది. హబ్బును తిప్పుతూ నట్టు బిగించి, రోలర్లు కుదురుకున్నాక కొద్దిగా వెనక్కు తిప్పి, పిన్ను వేయాలి. అంగుళంలో వెయ్యోవంతులు కొన్ని మాత్రం కదలిక మిగలాలి. అది లేకపోతే వేడికి బేరింగు బిగుసుకుంటుంది; ఎక్కువైతే చక్రం ఊగుతుంది.

ఆ కదలికను ఏమని రాయాలి? "వదులు" అన్నది నిఘంటువుకు సమ్మతమే. కాని మెకానిక్కు చెవిలో వదులు ఒక రోగం. చాలాసేపు ఆలోచించి "ఉండవలసిన ఆట" అని రాశాను.

మేస్త్రీగారు చదివి నవ్వారు. "మంచి పని చేశారు గురువుగారూ. వదులు అని ఉంటే బిగించకుండా నా చెయ్యి ఊరుకునేది కాదు" అన్నారు.

ఎన్నో నవలలు అనువదించాను. వాటిలో ఒక మాట అటూఇటూ అయితే విమర్శకుడు కోప్పడతాడు, అంతే. ఇక్కడ ఆ మాట మీద ముగ్గురు మనుషులు కూర్చుని ఘాటీ దిగుతారు. బిగువుకూ వదులుకూ నడుమ ఉన్న ఆ వెంట్రుకవాసి చోటును గుర్తించి, దానికి సరియైన పేరు పెట్టడమే మా ఇద్దరి వృత్తులూ కోరే నేర్పు.