సముద్రపుటొడ్డున ఇసుక బేరం

విశాఖపట్నం వెళ్ళి ఇసుక కొన్నామంటే వినేవారు నవ్వుతారు. అన్నవరం వెళ్ళి ప్రసాదం కొన్నామంటే అర్థమున్నది గాని, మైళ్ళ పొడుగునా ఇసుక పరుచుకున్న ఊళ్ళో ఇసుకకు డబ్బు పెట్టడమేమిటి? అయితే ఆ తీరం వెంట ఒక్క పూట తిరిగి చూడండి. ఇసుకంతా ఒక్కటే ఇసుక కాదనీ, ఊరికే దొరికేదంతా ఊరికే వచ్చినది కాదనీ తెలిసివస్తుంది.

మా అక్కయ్య కొడుకు అక్కడ కాలేజీలో చదువుతున్నాడు. వాడికి చేపల తొట్టె పిచ్చి. మంచినీటి చేపలతో తనివి తీరక ఉప్పునీటి తొట్టెకు దిగాడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు గాజుకూ, నీటి పంపుకూ అయిపోయింది. ఇక అడుగున ఇసుక పరవాలి. అదీ పలచగా కాదు, 12 సెంటీమీటర్ల లోతున.

"ఇసుక అందానికి కాదు మావయ్యా, పనికి" అన్నాడు.

ఆ పని వినదగినదే. చేపల విసర్జనా, మిగిలిన మేతా కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఇసుక పైపొరలో, ప్రాణవాయువు అందే చోట ఉండే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగానూ, పిమ్మట నైట్రేటుగానూ మారుస్తవి. నైట్రేటు అంత విషం కాదు గాని, పేరుకుంటే చెరుపే. కిందిపొరలో ప్రాణవాయువు ఉండదు. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువునే లాక్కుని బతుకుతవి. మిగిలిన నత్రజని బుడగలై పైకి పోతుంది. ఇసుక ముతకదైతే నీరూ, మురికీ లోపలికి దిగిపోతవి. మైదాపిండిలా మెత్తనిదైతే బిగిసిపోయి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. సన్నని బొంబాయి రవ్వలా ఉండాలి.

90 సెంటీమీటర్ల పొడుగూ, 45 సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న తొట్టెకు లెక్కకడితే సుమారు 75 కిలోల ఇసుక తేలింది. చేపల కొట్లో పైదేశపు తెల్ల ఇసుక పొట్లాలున్నవి. ధర విని మా అక్కయ్య, "75 కిలోల కందిపప్పు కొంటే మనింటికి ఏడాది గడుస్తుందిరా!" అన్నది. బావగారు పోయినప్పటినుంచీ ఆ ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉన్నది. అందుచేత మావాడు మరొక ఉపాయం ఆలోచించాడు. స్నేహితుడి ఆటోలో రాత్రిపూట సముద్రపుటొడ్డుకు వెళ్ళి రెండు బస్తాలు నింపుకు రావడం. "ముందు పగటిపూట చూసివద్దాం పద" అన్నాను నేను.

తెల్లవారి రామకృష్ణా బీచిలో దిగాము. అల వెనక్కు పోయినప్పుడల్లా తడి ఇసుక మీద కాటుక గీతల్లా నల్లని చారలు మిగులుతున్నవి. మావాడు జేబులోంచి అయస్కాంతం తీసి ఆ చారమీద పెట్టాడు; కొన్ని రేణువులు చీమల్లా అంటుకున్నవి. తూర్పు కనుమల్లోని ఖోండలైటు శిలలు అరిగి, వాగుల వెంట సముద్రానికి చేరి, ఈ తీరంలో ఇసుకైనవి. తెల్లనిది పలుగురాయి, ఎర్రనిది గోమేదికపు జాతి గార్నెటు, నల్లనివాటిలో ఇనుమూ, టైటానియమూ కలిసిన ఇల్మెనైటు ఉన్నది. లోహపు ఖనిజాలున్న ఇసుకను తొట్టెలో వేయడం మంచిది కాదు. దానికి తోడు నగరపు మురుగు కాలవలూ, ఓడల చమురూ ఉండనే ఉన్నవి.

అక్కడే దక్షిణంగా డాల్ఫిన్స్ నోస్ కొండా, రేవూ కనిపిస్తవి. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణంనుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970 దశకంలో కట్టిన బయటి రేవు అడ్డుగోడలు ఆ నడకను ఆపినవి. ఇవతల తీరం కోసుకుపోసాగింది. రేవువారు అవతల చేరిన ఇసుకను తవ్వి తెచ్చి ఈ బీచిలో పోయిస్తూ వచ్చారు. అంటే మనం ఊరికే దొరికిందనుకునే ఇసుకకు ఎవరో కూలీ చెల్లించారన్నమాట! 1991లో వచ్చిన తీరప్రాంత నిబంధనలు సముద్రపుటొడ్డున ఇసుక తవ్వకాన్ని నిషేధించినవి. మావాడు బస్తాల మాట మళ్ళీ ఎత్తలేదు.

పూట ఇంకా ఉన్నది గనుక భీమిలి బస్సెక్కాము. కొండ ఒక పక్క, కడలి ఒక పక్క. ఋషికొండ దాటితే ఊరి రొద తగ్గుతుంది. మరికొంత దూరాన ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టి గాని, అదీ ఇసుకే. వేల ఏళ్ళ కిందట గాలీ నీరూ తెచ్చి పోసిన ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబారింది. వానలు దానిని కోసి లోయలు చేసినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కిన చోటు అది. చూసి రావలసినదేగాని చెయ్యి పెట్టవలసినది కాదు.

భీమునిపట్నంలో గోస్తని సముద్రంలో కలిసేచోట చిటికెడు ఇసుకను సీసామూతలో వేసి వెనిగరు చుక్కలు పోశాడు మావాడు. గవ్వముక్కల దగ్గర మాత్రం నురగ లేచింది, మిగిలినది కదలలేదు. సున్నపు ఇసుకైతే అంతా పొంగుతుంది. పైదేశపు పొట్లాల్లో ఉండేది అదే. బహామా దీవుల దగ్గర వెచ్చని లోతులేని నీళ్ళలో చిన్న రేణువు అటూ ఇటూ దొర్లుతుంటే దానిచుట్టూ సున్నం పొరలుపొరలుగా పట్టుతుంది, సోంపు గింజకు పంచదార పాకం పట్టినట్టు. మనకు గోదావరీ, కృష్ణా ఒండ్రు మోసుకువచ్చి నీటిని మసక చేస్తవి. పగడాలకు తేటనీరు కావాలి. అందుకే లక్షద్వీపాల తెల్ల ఇసుక మన ఒడ్డున లేదు. అక్కడి పగడాలను ముట్టుకోవడానికి వన్యప్రాణి చట్టం ఒప్పదు.

మరి దారి? "నైట్రేటు పని చేసేది సున్నం కాదుగదా, లోతూ, రేణువు సన్నదనమూగదా?" అని అడిగాను. అవునన్నాడు. పలుగురాయి ఇసుక ఉప్పునీటిలో కరగడమంటూ దాదాపు ఉండదు. నీటికి కావలసిన సున్నపు పాళ్ళు విడిగా కొలిచి చూసుకుంటే సరిపోతుంది. అటువంటి శుభ్రమైన పలుగు ఇసుకను నీళ్ళు వడగట్టే తొట్లలో వాడతారు. నెల్లూరు సీమలో గూడూరు, చిల్లకూరు ప్రాంతాలు అటువంటి ఇసుకకు పేరుపడినవి. గాజు తయారయ్యేదీ దానితోనే.

మర్నాడు గాజువాక వైపు నీటిశుద్ధి సామాన్లమ్మే కొట్టుకు వెళ్ళాము. జల్లించి, రేణువు లావునుబట్టి వేరుచేసిన బస్తాలు వరసగా ఉన్నవి. మావాడు అన్నిట్లోకీ సన్నని రకం చేతిలో పోయించుకుని, అయస్కాంతం తిప్పి, వెనిగరు చుక్కవేసి చూశాడు. కొట్టాయన, "బాబూ, ఇసుక కొంటున్నారా, బంగారమా?" అని నవ్వాడు. 25 కిలోల బస్తాలు మూడు తీసుకున్నాము. చేపలకొట్టు ధరలో పదోవంతు కాలేదు. ఆటో కిరాయి కలిపినా కాలేదు.

పెరట్లో బియ్యం కడిగినట్టు కడుగు తేరేదాకా కడిగాము. చివరికి మావాడు మరో అభిరుచిగల మిత్రుడి తొట్టెనుంచి ఒక కప్పు బతికిన ఇసుక తెచ్చి పైన చల్లాడు. అందులో సూక్ష్మజీవులూ, చిన్న పురుగులూ ఉంటవట. మెల్లగా అంతటా వ్యాపిస్తవట.

మా అక్కయ్య అంతా చూసి, "పెరుగుకు తోడు వేసినట్టేగా!" అన్నది. "అంతేనమ్మా, కాకపోతే తోడుకోవడానికి నెలలు పడుతుంది" అన్నాడు వాడు.