నాగమ్మ వేషం ఎవరు కడతారు?

యుద్ధాలు మగవాళ్ళు చేశారు. వాటిని కథలుగా చెప్పుకున్నదీ ఎక్కువగా వాళ్ళే. ఎప్పుడో జరిగిన యుద్ధాన్ని మైదానంలో మళ్ళీ ఆడి చూపించే సరదాలోకి మనం ఎందుకు దూరాలి? నా స్నేహితురాళ్ళు చాలామంది ఈ మాట అడిగారు. కత్తికి దణ్ణం పెట్టే సమాజంలో ఉన్న హింస చాలదా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎవరు ఏ వేషం కట్టాలో తేల్చుకునే చోట మనం లేకపోతే, మనకు మిగిలేది హారతి పళ్ళెమే.

హైటెక్ సిటీలో వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే పదకొండు మందిమి, అందులో నలుగురు ఆడవాళ్ళం, ఆదివారం పొద్దున్నే కొండాపూర్‌లో ఒక ఖాళీ స్థలంలో కర్రసాము నేర్చుకోవడం మొదలుపెట్టాం. మొదటి నెలంతా మా గురువు కర్ర తిప్పనివ్వలేదు, అడుగులే వేయించాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, నేలను పట్టుకుని నిలబడాలి. చిన్నప్పటినుంచి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చోమని చెప్పించుకున్న ఒంటికి అదే పెద్ద చదువు. ఎదుటి కర్ర మీదికొస్తుంటే కళ్ళు మూసుకోకపోవడం రెండో చదువు. దెబ్బ తగలకుండానే తగిలినట్టు పడిపోవడం మూడోది. యుద్ధాన్ని ఆడి చూపించాలంటే చంపడం కంటే పడటమే ఎక్కువ నేర్చుకోవాలని అప్పుడే తెలిసింది.

ఏ యుద్ధం ఆడాలన్న చర్చ వచ్చింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు పట్టుకున్న గోల్కొండ మా ఆఫీసులకు కూతవేటు దూరంలోనే ఉంది. అయినా మాలో నలుగురిది పల్నాడు కావడంతో చివరికి 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం దగ్గర ఆగాం. పైగా దాన్ని మళ్ళీ ఆడటం మేం కనిపెట్టిన విషయం కాదు. నాగులేటి ఒడ్డున కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలై అయిదు రోజులు అదే జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు ఆయుధాలు తెచ్చి నాగులేట్లో స్నానం చేయించి, వీర్లగుడి ముందు నిలబడతారు. వాళ్ళకది సరదా కాదు, చచ్చిపోయిన పెద్దలకు తీర్చుకునే బాకీ. ఒక ఏడు వెళ్ళి చూశాను. నేను చూసినంతలో ఆయుధం మోసినవాళ్ళంతా మగవాళ్ళే.

వేషాలు పంచుకునే రోజు మా అసలు యుద్ధం మొదలైంది. బ్రహ్మనాయుడికి ముగ్గురు పోటీ, బాలచంద్రుడికి నలుగురు. ఆడవాళ్ళకు రెండు వేషాలు తేల్చారు. కొడుకును సాగనంపే తల్లి ఐతాంబ, మొగుణ్ణి సాగనంపే మాంచాల. నాగమ్మ వేషం ఎవరికీ వద్దు. "విలన్ కదా, మాలో ఎవడైనా చీర కట్టుకుని చేస్తే నవ్వులు పూస్తాయి" అన్నాడొకాయన.

మా ఇళ్ళలో ఎదురు మాట్లాడిన ఆడపిల్లను నాయకురాలు నాగమ్మ అని తిట్టేవాళ్ళు. నాకు ఆ పేరు మొదట తిట్టుగానే పరిచయం. గురజాల రాజు నలగాముడి కొలువులో మంత్రిగా రాజ్యం నడిపిన మనిషి అని తర్వాత తెలిసింది. ఆమెను కడిగిన ముత్యం చేయాలని నాకు లేదు. కోడిపందెంలో మోసం, రాయబారిగా వచ్చిన అలరాజు మీద విషప్రయోగం, రెండూ కథ ఆమె నెత్తినే పెట్టింది. అయితే కారంపూడిలో అంతమంది కొడుకులు నేలకొరిగింది ఒక్క నాగమ్మ వల్లేనా? మాచర్ల తరఫున యుద్ధం నడిపిన బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, ఆమె చేస్తే ఆడదాని కుట్ర ఎందుకవుతుంది? నాగమ్మ వేషం నేను కడతానన్నాను, నవ్వులు పూయించే నాగమ్మ మాత్రం కాదు.

మాలో ఒక దళిత మిత్రురాలు కన్నమదాసు కావాలంది. బ్రహ్మనాయుడు కొడుకుగా స్వీకరించిన మాల వీరుడు కన్నమదాసు. "ఆడపిల్ల కన్నమదాసేంటి? చరిత్ర పాడవదా?" అని గొడవ. అప్పుడు నేను అమెరికా సంగతి చెప్పాను. అక్కడ అంతర్యుద్ధాన్ని ఆడి చూపించడం పెద్ద వ్యాపకం. 1989లో ఆంటీటమ్ యుద్ధభూమిలో లారెన్ కుక్ బర్జెస్ అనే ఆమె మగ సైనికుడి వేషంలో ఉండగా, ఆడవాళ్ళ మరుగుదొడ్డిలోంచి బయటికి రావడం చూసి పంపేశారు. చరిత్రకు విరుద్ధమన్నారు. ఆమె కోర్టుకెక్కి 1993లో గెలిచింది. మగవేషాల్లో నిజంగానే ఆ యుద్ధం చేసిన ఆడవాళ్ళ గురించి తర్వాత మరొకరితో కలిసి పుస్తకమూ రాసింది. చరిత్ర పాడవుతుందని భయపడేవాళ్ళకు చాలాసార్లు ఆ చరిత్రే పూర్తిగా తెలియదు.

మా మిత్రురాలు అంతటితో ఆగలేదు. "మందపోరు రోజు కులం లేకుండా అందరూ ఒక్క చాప మీద తింటారు, చాపకూడు అంటారు. మర్నాటినుంచి చాప ఎవరు చుట్టేస్తున్నారు?" అని అడిగింది. ఇంటిపేరు వినగానే కులం లెక్కకట్టే ఆఫీసుల్లో పనిచేస్తున్న మాకు ఎవరికీ నోరు పెగల్లేదు. కన్నమదాసు వేషం ఆమెకే వచ్చింది.

ఇక చాపకూడుతోనే ఆట ముగిద్దామని అందరం ఒప్పుకున్నాం. గెలుపుతో ముగిస్తే పల్నాటి కథకు అన్యాయం. కర్రలు పక్కన పెట్టి అంతా ఒకే చాప మీద కూర్చుని తినాలి. బాగుంది. అన్నం పప్పు సంగతి మీరు చూసుకోండని మగవాళ్ళు మావైపు తిరిగారు! బ్రహ్మనాయుడి చాప మీద ఎవరెవరు కలిసి తిన్నారో నేను విన్న ప్రతివాళ్ళూ గొప్పగా చెప్పారు. వండినవాళ్ళెవరో ఒక్కరూ చెప్పలేదు. మా ఆటలో ఆ ఖాళీ ఉండకూడదనుకున్నాం. పదకొండు పేర్లూ చీటీలేసి తీశాం. బ్రహ్మనాయుడికి పప్పు, బాలచంద్రుడికి అంట్లు. నలగామరాజు ఇంకా ఉల్లిపాయలు తరగడం నేర్చుకుంటున్నాడు.