బీమ్ హాలు ముందు

ఆక్స్‌ఫర్డు వెళ్ళినవారంతా షెల్డోనియన్ థియేటరు చూసి వస్తారు. నేనూ చూశాను. కాని నా మనస్సంతా మెర్టన్ వీధిలో ఉంది. రాళ్ళు పరిచిన ఆ సన్నని వీధిలో, మెర్టన్ కాలేజీకి ఎదురుగా, బీమ్ హాలు అనే పాత ఇల్లుంది. పదిహేడో శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే వైద్యుడు అక్కడ కాపురముండేవాడు.

ఆయన మెదడును కపాలంలోంచి పూర్తిగా వెలికితీసి, తిరగేసి, అడుగుభాగం పరిశీలించాడు. 1664లో అచ్చయిన ఆయన లాటిన్ గ్రంథానికి చాలా బొమ్మలు గీసిపెట్టింది ఎవరనుకున్నారు? షెల్డోనియన్‌కు నమూనా గీసిన క్రిస్టఫర్ రెన్! అప్పటికాయన ఖగోళశాస్త్రాచార్యుడు. ఆ గ్రంథంలోని ఒక బొమ్మలో మెదడు అడుగున రక్తనాళాలు, కోలాటంలో పిల్లల్లా, వలయం కట్టి కనిపిస్తాయి. ఒక దారి మూసుకుపోతే రక్తం మరోదారిన చుట్టి వస్తుందని విల్లిస్ గ్రహించాడు.

మూడేళ్ళ క్రితం మా నాన్నగారి మెడలో ఒక రక్తనాళం పూడిపోయింది. "మరి ఇలా ఎలా తిరుగుతున్నారండీ?" అని నేను బెంబేలుపడ్డాను. డాక్టరుగారు మందుచీటీ వెనక ఇదే వలయం గీశారు. "ఆయన్ని కాస్తున్నది ఇదండీ. అందరికీ ఇంత నిండుగా ఉండదు" అన్నారు.

బీమ్ హాలు ముందు నిలబడి, మడతలు నలిగిన ఆ చీటీ తీసి చూసుకున్నాను. తరువాత ఇంటికి ఫోను చేశాను.

"ఏం చూశావురా?" అన్నారు నాన్నగారు.

"మీ తలలోని బొమ్మ పుట్టిన ఊరు, నాన్నగారూ!" అన్నాను.